బడ్జెట్‌లో రాయని పన్నులు: గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు ఇది చెప్పండి, మీరు ఏ పార్టీ?

ఏ పార్టీ కాదండీ. రావులపాలెం చుట్టుపక్కల చిన్న షాపులకి, రెండు మూడు రైస్ మిల్లులకి జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. పోయిన ప్రభుత్వంలోనూ తిట్టాను, ఈ ప్రభుత్వంలోనూ తిడుతున్నాను, ఢిల్లీ వాళ్లని అయితే ఎప్పుడూ వదల్లేదు. నా గోల ఒక్కటే. మనం కట్టే పన్నుల్లో బరువైనవి రసీదు మీద కనపడవు, బడ్జెట్ పుస్తకంలోనూ ఉండవు, అందుకే వాటి గురించి ఎవడూ ధర్నా చేయడు. ఈ కింద ఉన్నవన్నీ జనం నన్ను షాపులో, పెళ్లిళ్లలో, వాట్సాప్‌లో అడిగినవే.

నాకు ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. బడ్జెట్‌తో నాకేం పని?

2025 బడ్జెట్ తర్వాత కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయం మీద పన్ను లేదు, నిజమే. డెల్టాలో నూటికి తొంభై మందికి ఆ గొడవే లేదు. కానీ మీరు పొద్దున్నే బండి స్టార్ట్ చేశారు కదా, అక్కడే మొదలైంది. మన రాష్ట్రంలో పెట్రోల్ మీద వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు అదనం, ఆ పైన రోడ్డు సెస్ ఒక రూపాయి. ఇది రాష్ట్రం వాటా. కేంద్రం వాటా 2025 ఏప్రిల్ పెంపుతో లీటరుకి 21 రూపాయల 90 పైసలైంది. ఈ 21.90లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన అసలు ఎక్సైజ్ ఎంతో తెలుసా, 1 రూపాయి 40 పైసలు. మిగతాదంతా సెస్సులు, సర్‌చార్జీలు, ప్రత్యేక సుంకాలు. వాటిని కేంద్రం ఎవరికీ పంచక్కర్లేదు. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకి 41 శాతం ఇవ్వమంటే, పంచాల్సిన కుండనే చిన్నది చేసి పెట్టారన్నమాట. కేంద్రం రాష్ట్రాలకిచ్చే వాటా అలా తగ్గించేసరికి రాష్ట్రం తన వ్యాట్ పెంచుతుంది. ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పుకుంటారు, బంకులో డబ్బిచ్చేది మాత్రం మీరే.

ఫోన్ రీచార్జికి 18 శాతం. ఇల్లు కట్టుకుంటే సిమెంటుకి 2025 సెప్టెంబరు దాకా 28, ఇప్పుడు 18. రోజుకూలీకి వెళ్లే మనిషి కూడా ఇవన్నీ కడతాడు, "పన్ను కట్టేవాళ్ల డబ్బు" అని టీవీలో ఎవరన్నా అంటే అది తన గురించే అనుకోడు.

జీఎస్టీ వచ్చాక పన్నులు సులువయ్యాయి అంటారు కదా?

పాత చెక్‌పోస్టుల కన్నా మేలే, అది ఒప్పుకోవాలి. లారీలు తమిళనాడు సరిహద్దులో గంటలు గంటలు ఆగే రోజులు పోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి స్లాబులు తగ్గించారు, ట్రాక్టర్ 12 నుంచి 5కి వచ్చింది, మంచిదే.

కానీ బియ్యం బస్తా కథ వినండి. 2017లో జీఎస్టీ మొదలైనప్పుడు రిజిస్టర్ చేసిన బ్రాండు బియ్యానికి 5 శాతం అన్నారు. దాంతో ఏళ్ల తరబడి పేరు తెచ్చుకున్న మిల్లులు కూడా ఆ బ్రాండు మీద హక్కే మాకొద్దని రాసిచ్చేశాయి. ఇలా కాదని 2022 జులై 18 నుంచి రూలు మార్చారు: బ్రాండుతో పనిలేదు, లేబుల్ వేసి ప్యాక్ చేసిన బస్తా 25 కేజీలు, అంతకన్నా తక్కువ ఉంటే 5 శాతం. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న బియ్యం బస్తా తిప్పి చూడండి. 26 కేజీలు అని ఉంటుంది. ఆ ఒక్క కేజీ ఎందుకు పెరిగిందో మీకు ఏ షాపువాడూ చెప్పడు. కొత్త సంచులు ముద్రించుకున్నారు, కాటాలు మార్చుకున్నారు, లారీ లెక్కలు మార్చుకున్నారు, ప్రభుత్వానికి ఆ బస్తా మీద వచ్చింది సున్నా. ఈ రూలు వల్ల నిజంగా పన్ను కట్టేది ఎవరంటే, ఒకేసారి 26 కేజీలు కొనలేక ఐదు కేజీలో పది కేజీలో ప్యాకెట్ కొనుక్కునేవాళ్లు. పేదవాళ్ల కోసం పెట్టిన మినహాయింపు పేదవాడికి తప్ప అందరికీ దొరికింది.

ఇంకోటి ఆత్రేయపురం పూతరేకులు. 40 లక్షల టర్నోవర్ దాకా సరుకు అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అంటారు. అది మన రాష్ట్రంలో అమ్మినంత వరకే. ఇంట్లో కుండ బోర్లించి రేకులు తీసే ఆవిడ హైదరాబాద్‌లో ఉన్న ఎవరికో రెండు డబ్బాలు బిల్లు వేసి కొరియర్ చేసిందనుకోండి, అది పక్క రాష్ట్రానికి అమ్మకం, మొదటి రూపాయి నుంచీ రిజిస్ట్రేషన్ ఉండాలి. పోనీ ఒక శాతం కట్టే కాంపోజిషన్ స్కీములో చేరదామంటే, ఆ స్కీములో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. అంటే గడువు గడువుకీ రిటర్నులు, నాలాంటి వాడికి ఫీజు, ఒక గడువు మర్చిపోతే లేట్ ఫీజు. నా ఫీజు ప్రభుత్వ ఆదాయంలో ఎక్కడా కనపడదు, కానీ ఆవిడకి అది కూడా పన్నే. నా అన్నం నేనే తిట్టుకుంటున్నాను అనుకోండి, పర్లేదు.

"కనిపించని పన్ను" అంటున్నారు. ఒక్క ఉదాహరణ గట్టిగా చెప్పండి.

బియ్యం ఎగుమతుల మీద ఆంక్షలు. ఇంతకన్నా పెద్ద పన్ను డెల్టా రైతు మీద ఇంకోటి పడలేదు, కానీ ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ మీరు ఆ మాట విని ఉండరు.

వరస చూడండి. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపేశారు, తెల్లబియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి మొత్తం నిషేధించారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం. పార్లమెంటులో ఓటింగు లేదు, చర్చ లేదు, ఒక్క కాగితం నోటిఫికేషన్, వెంటనే అమలు. కాకినాడ పోర్టు నుంచి ఆఫ్రికా దేశాలకి పోయే సరుకులో పెద్ద భాగం ఈ బియ్యమే. తెల్లబియ్యం నిషేధం తీసింది 2024 సెప్టెంబరు చివర్లో, ఉప్పుడు బియ్యం మీద సుంకం పూర్తిగా పోయింది అక్టోబరులో.

ఈ మధ్యలో ప్రపంచ మార్కెట్‌లో బియ్యం ధర పదిహేనేళ్లలో లేనంత పైకి వెళ్లింది. మనం మార్కెట్‌లోంచి తప్పుకోవడం కూడా దానికి ఒక కారణం. ఆ లాభం థాయ్‌లాండ్, వియత్నాం, పాకిస్తాన్ రైతులకి వెళ్లింది. విదేశంలో కొనేవాడు 120 ఇస్తే అందులో 20 ఢిల్లీకి పోతుంది అనుకోండి, ఎగుమతిదారు తన జేబులోంచి పెట్టుకోడు కదా, మిల్లరుకి తగ్గిస్తాడు, మిల్లరు మండపేటలోనో పెద్దాపురంలోనో ధాన్యం రేటులో తగ్గిస్తాడు, కళ్లంలో ఉన్న రైతు దగ్గరకి వచ్చేసరికి ఆ తగ్గింపుకి పేరు ఉండదు. "ఈసారి రేటు లేదండీ" అంటారు, అంతే. నిషేధం అయితే ఇంకా అన్యాయం, సుంకం అయితే కనీసం ఖజానాకి డబ్బన్నా వస్తుంది.

"దేశంలో ధరలు పెరిగితే పేదవాడు ఏం తినాలి" అంటారు. మంచి ప్రశ్న. కానీ 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద రేషన్ బియ్యం ఉచితం, ఆ ఏడాదంతా గోదాముల్లో బఫర్ అవసరాన్ని మించి బియ్యం నిల్వ ఉంది. అంటే నిషేధం వల్ల ఎక్కువగా మేలు జరిగింది సూపర్‌మార్కెట్‌లో కొనుక్కునే పట్నం వాళ్లకి. ఆ మేలు ఖర్చు ఎవరిచ్చారు? వరి పండించేవాళ్లు. సాయం చేయాలనుకుంటే దేశమంతా కట్టే పన్నుల్లోంచి, బడ్జెట్‌లో అంకె వేసి చేయాలి. ఒక్క పంట వాళ్ల మీద రాత్రికి రాత్రి రుద్ది, దాన్ని పన్ను అని కూడా పిలవకపోవడం ఏం పద్ధతి?

2011 గుర్తుందా? కోనసీమ రైతులు సార్వా, అంటే ఖరీఫ్ వరి, వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు, ప్రభుత్వం మోహన్ కందా గారి కమిటీ వేసింది. కారణం ఒక్కటే అని నేననను, కూలి రేట్లు, పూడుకుపోయిన డ్రెయిన్లు, పెట్టుబడి అన్నీ ఉన్నాయి. కానీ అమ్ముడుపోని ధాన్యం కూడా ఉంది, 2008 నుంచి మామూలు బియ్యం ఎగుమతి నిషేధంలోనే ఉంది. ఆ నిషేధం ఎత్తేసింది 2011 సెప్టెంబరులో. అప్పటికే పొలాలు ఖాళీ.

అయితే మద్దతు ధర కూడా తీసేయమంటారా?

ఎగుమతులు మూసేసి మద్దతు ధర కూడా తీసేస్తే అది దోపిడీ. ముందు తలుపులు తీయండి, తర్వాత మాట్లాడదాం.

2025-26కి సాధారణ రకం క్వింటా 2,369, మన 75 కేజీల బస్తాకి సుమారు 1,777 రూపాయలు. కాగితం మీద ఆ ధర ఉంటుంది. ఇప్పుడు డిసెంబరులో కళ్లం దగ్గరకి రండి. తేమ 17 శాతం దాటకూడదు. రైతు సేవా కేంద్రంలో మిషన్ పెడితే 17, అదే ధాన్యం మిల్లు గేటు దగ్గర మిషన్ పెడితే 20. పైన మబ్బు, టార్పాలిన్ అద్దె పెరుగుతోంది, ట్రాక్టర్ వాడు వెయిటింగ్ అడుగుతున్నాడు. బస్తాకి నాలుగైదు కేజీలు తరుగు తీస్తామంటే రైతు ఊ అంటాడు. ఊ అనక ఏం చేస్తాడు? కొనేవాడు ఒక్కడే. పదిమంది కొనేవాళ్లుంటే ఈ మిల్లు మిషన్ నమ్మను పక్క మిల్లుకి పోతానని చెప్పే ధైర్యం వస్తుంది. నాకు మార్కెట్ అంటే ఆ ధైర్యం.

రేషన్ బియ్యం సంగతి? పేదవాళ్లకి అదీ వద్దంటారా?

1983లో రామారావు గారు రెండు రూపాయలకి కేజీ ఇచ్చినప్పుడు ఆకలి నిజం. దాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. ఇప్పుడు దారి చూడండి. ప్రభుత్వం ధాన్యం కొని, ఆడించి, గోదాములో పెట్టి, లారీలో తెచ్చి ఇచ్చేసరికి భారత ఆహార సంస్థ లెక్క ప్రకారం కేజీకి 40 రూపాయల దరిదాపు అవుతుంది. కార్డుదారుడు అది తినడు, ఆయన తినేది సన్నబియ్యం. వీధిలోకి కొనేవాడి ఆటో వస్తుంది, కేజీ పదికో పన్నెండుకో అమ్మేస్తాడు. అది మిల్లుకెళ్లి పాలిష్ పట్టించుకుని మళ్లీ ప్రభుత్వానికే రావచ్చు, కాకినాడలో ఓడ ఎక్కొచ్చు. 2024 నవంబరులో పవన్ కల్యాణ్ గారు పోర్టుకెళ్లి "సీజ్ ద షిప్" అన్నది దీని గురించే. మీమ్స్ బాగా వచ్చాయి. కానీ నలభై రూపాయల వస్తువుని ఉచితంగా ఇస్తే, దాన్ని పదికి కొని ముప్పైకి అమ్మేవాడు పుడతాడు. ఓడని పట్టుకున్నంత మాత్రాన ఆ తేడా పోదు.

బియ్యం బదులు డబ్బు ఖాతాలో వేయమని ఫ్రీ మార్కెట్ కావాలనేవాళ్లంతా అంటారు, నేనూ అంటాను. అయితే దీనికి మన పక్కనే జరిగిన ప్రయోగం ఉంది, దాచడం సరికాదు. యానాం పుదుచ్చేరిలో భాగం కదా, అక్కడ 2015 నుంచి బియ్యం బదులు డబ్బే వేశారు. జనం బియ్యమే కావాలన్నారు. 2024లో రేషన్ షాపులు మళ్లీ తెరిచి బియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. ఇచ్చే డబ్బు బజారు ధరతో పాటు పెరగకపోతే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కాబట్టి నగదు బదిలీ మంత్రం కాదు. నా మాట ఏంటంటే, కావాలన్నవాడికి బియ్యం, వద్దన్నవాడికి డబ్బు, ఎంచుకునేది కార్డుదారుడే.

ఉచిత బస్సు వల్ల ఎవరికి నష్టం?

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది. ఆడవాళ్లు బయటికి వస్తున్నారు, ఉద్యోగాలకి వెళ్తున్నారు, బాగుంది. అమలాపురం నుంచి చుట్టూ ఊళ్లకి షేర్ ఆటో నడుపుకునేవాళ్లకి గిరాకీ పోయింది. వాళ్లు గొడవ చేశారు. అక్టోబరు 4న ఆటో డ్రైవర్లకి తలా 15,000 ఇచ్చే ఇంకో పథకం. ఒక పథకం చేసిన గాయానికి రెండో పథకం మందు, రెండింటి బిల్లూ మనదే. ఇలా ఒక జోక్యం ఇంకో జోక్యాన్ని కంటుందని ఆస్ట్రియా ఆర్థికవేత్త మీసెస్ ఎప్పుడో చెప్పాడు, మనకి రెండు నెలల్లో చూపించారు.

డెల్టా పచ్చగా ఉందంటే కాటన్ దొర ఆనకట్ట వల్లే. అది ప్రభుత్వ ఖర్చే కదా?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, ఎప్పుడూ వస్తుంది, రావాలి కూడా. మా ఇంట్లోనూ కాటన్ దొర ఫొటో ఉంది. 1833 నాటి కరువు, 1839 తుపాను చూసిన జిల్లా ఇది, 1847లో ధవళేశ్వరం పని మొదలై 1852కి పూర్తయ్యాక మారిపోయింది.

ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదని నేను ఎక్కడా అనలేదు. గోదావరికి అడ్డంగా ఒక రైతు ఆనకట్ట కట్టలేడు. కానీ కాటన్ ఏమని వాదించాడో చూడండి: నీళ్లిస్తే పంట పండుతుంది, పంట పండితే శిస్తు పెరుగుతుంది, పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఖర్చుకి లెక్క, రాబడికి లెక్క, ఐదేళ్లలో పని. దానికి పక్కన పోలవరం పెట్టండి. 1981లో అంజయ్య గారు శంకుస్థాపన చేశారు. 2004-05 ధరల్లో అంచనా 10,151 కోట్లు, 2017-18 ధరలకి వచ్చేసరికి 55,548 కోట్లు. నిర్వాసితులు ఇంకా పరిహారం అడుగుతూనే ఉన్నారు.

ఇంకో సంగతి రైతులకి నచ్చదు, అయినా చెప్తాను. నీటి తీరువా ఎకరానికి సార్వాకి 200, దాళ్వాకి, అంటే రబీ వరికి, 150, చేపల చెరువుకి ఏడాదికి 500. తొంభైల నాటి రేట్లు. అవి కూడా సరిగ్గా వసూలు కావు. 200తో గుర్రపుడెక్క తీయరు, డ్రెయిన్ పూడిక తీయరు, శివారు ఎకరాలకి నీరు రాదు, ఆ రైతు ఆయిల్ ఇంజను పెట్టుకుని దానికి డీజిల్ పోసుకుంటాడు. నీటి సంఘమే రేటు పెట్టుకుని, ఆ డబ్బు ఆ కాలవకే ఖర్చు చేస్తే ఎకరానికి వెయ్యి ఇవ్వడానికి శివారు రైతు రెడీ. ఖజానాలో కలిసిపోతుందంటే వంద కూడా ఇవ్వడు, ఇవ్వకపోవడమే సరి.

పెద్ద కంపెనీల తరఫున మాట్లాడుతున్నారని అంటున్నారు?

విశాఖలో టీసీఎస్‌కి 21 ఎకరాలు 99 పైసలకి ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేను లేను. పూతరేకుల ఆవిడకి అడుగడుగునా రూలు, పెద్ద కంపెనీకి పైసల్లో భూమి, దీన్ని ఫ్రీ మార్కెట్ అని ఎవరంటారు? అందరికీ ఒకటే తక్కువ పన్ను, ఎవరికీ ప్రత్యేక రాయితీ వద్దు.

అదే మాట మన భీమవరం రొయ్య రైతులకి కూడా చెప్తే వాళ్లకి కోపం. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేస్తే అన్యాయం అన్నాం, అన్యాయమే, పైగా దాన్ని కట్టేది అమెరికాలో తినేవాళ్లూ ఇక్కడ చెరువు వేసుకున్నవాళ్లూ కలిసి. మరి మనం వంటనూనె మీద దిగుమతి సుంకాన్ని 2024 సెప్టెంబరులో ముడి నూనెకి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచినప్పుడు ఏం అన్నాం? ఏలూరు మెట్టలో పామాయిల్ తోటలవాళ్లు సంతోషించారు, డెల్టాలో మిరపకాయ బజ్జీల బండి ఆవిడ నూనె ప్యాకెట్ దగ్గర లెక్క చూసుకుంది. ఇద్దరి పేర్లూ బడ్జెట్‌లో లేవు. 2025 మే చివర్లో కొంత తగ్గించారు.

అప్పుల గురించి ఇంత గొడవ ఎందుకు? అందరూ చేస్తారు కదా?

రాష్ట్రం 2025-26 బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. ద్రవ్యలోటు 79,926 కోట్లు, అంటే ఆ ఏడాది చేయాల్సిన అప్పు. అందులో రెవెన్యూ లోటు 33,185 కోట్లు, అంటే అప్పులో ఐదింట రెండు వంతులు జీతాలు, పింఛన్లు, పథకాలు, వడ్డీలకే. ఆస్తులు కట్టడానికి పెట్టింది 40,635 కోట్లు. కేంద్రం అదే ఏడాది ఖర్చు పెడతానన్న ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి పాత అప్పుల వడ్డీకి. వడ్డీ కట్టేది పన్నుల్లోంచే, కాబట్టి ఈరోజు అప్పు అంటే ఓటు లేని చిన్నపిల్లల మీద వేసిన పన్ను.

పన్నులు తగ్గిస్తే ఆదాయం పడిపోతుంది కదా?

కొన్నిసార్లు పడిపోతుంది, తగ్గించినప్పుడల్లా ఆదాయం పెరుగుతుందని చెప్పేవాళ్లని నమ్మకండి. కానీ రేటు పెంచినంత మాత్రాన రాదు. 1973-74లో మన దేశంలో ఇన్‌కమ్ ట్యాక్స్ పై స్లాబు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. వంద సంపాదిస్తే రెండు రూపాయల పావలా మిగులు. ఎవరు చూపిస్తారండీ? నల్లడబ్బుకి ఆ రేట్లే కారణమని ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీయే చెప్పింది, తర్వాత ఏడాది 77కి దించారు.

ఇదంతా విదేశీ ఆలోచన కదా?

నిడుబ్రోలు రైతు బిడ్డ ఆచార్య రంగా విదేశీయుడా? 1959లో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేస్తే, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి. "పర్మిట్, లైసెన్స్, కోటా రాజ్" అన్నది రాజాజీ.

యానాం వెళ్లి పెట్రోల్ కొట్టించుకుంటే తప్పా?

బండి ట్యాంకులో కొట్టించుకుంటే తప్పేం లేదు. అక్కడ లీటరు మనకన్నా పది రూపాయల పైనే తక్కువ, ఎదుర్లంక వంతెన దాటితే చాలు. వెనకటికి శారదా చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదని బాల్యవివాహాలు చేయడానికి అక్కడికే వెళ్లేవాళ్లు, కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. ఆ పని తప్పే అనుకోండి, జనం మాత్రం వెళ్లారు. లెక్క వేసుకుని వెళ్లండి, రానూపోనూ యాభై కిలోమీటర్లయితే మిగిలేది ఏం ఉండదు. మందు సీసాలు మాత్రం తేకండి. ఇవతల ఎక్సైజ్ వాళ్లు సంచి వెతుకుతారు, కేసు రాస్తారు. ట్యాంకులో పెట్రోల్‌ని ఇప్పటిదాకా ఎవరూ తీయించలేదు.